పైడమ్మప్ప చూపు ఎక్కడ ఆగింది

2023 ఆషాఢంలో జరిగిన సంగతి ఇది. చోడవరం మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్లు దాటి ఎడమ చేతి సందులోకి తిరిగితే నా కుట్టు షాపు. రెండు కుట్టు మిషన్లు, గుడ్డ అంచుల్లో పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, కత్తిరింపు బల్ల, గోడకి నిలువుటద్దం, మూలన ఒక తెర. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మాకు కాస్త ఆటవిడుపు. శ్రావణం వచ్చిందంటే అన్నం తినే తీరిక కూడా ఉండదు.

మా పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. కుట్టించుకోడానికి వచ్చినావిడ తనకి బాగా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి వెంట తెస్తుంది. దాన్ని ఆది అంటాం. ఆది ముందు పెట్టుకుని కొత్త గుడ్డ కోస్తాం. చదువు రాని రోజుల్లో నేను పూర్తిగా ఆది మీదే నడిచాను. నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు, అంకెలు నేర్చుకుని టేపు పట్టాను. అంతకుముందు కూడా టేపు నా మెడలో ఉండేది గానీ, అది హోదా కోసం.

ఆది అయినా టేపు అయినా, కొలతలు తెర వెనకే. అక్కడ నాకు తెలిసే సంగతులు చాలా ఉంటాయి. ఎవరు లావయ్యారో, ఎవరికి నెల తప్పిందో, ఎవరికి ఒక భుజం కిందికి ఉందో, ఎవరు మొగుడికి తెలియకుండా జాకెట్టు లోపల చిన్న జేబు పెట్టించుకున్నారో. ఆ జేబులు కుట్టేది నేనే. మర్నాడు వాళ్ళాయన సంతలో ఎదురుపడి "బాగున్నావా వరాలూ" అంటే, బాగున్నానని చెప్పి వంకాయలు ఏరుకుంటాను. తెర వెనక మాట బయటికి తెచ్చిన రోజున నా షాపుకి మనిషి రాదు. ఇది నీతా, భయమా అని నేను విడదీసి చూసుకోలేదు. పని మాత్రం అలాగే సాగింది.

ఆ ఆషాఢంలో విశాఖపట్నం నుంచి శశిధర్ అనే కంపెనీ ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, నుదుట చెమట. బల్ల మీద నల్లటి పెట్టె ఒకటి పెట్టాడు. దాన్ని వీఆర్ హెడ్‌సెట్ అంటారట. పట్టీతో తలకి బిగించుకుంటే కళ్ళు రెండూ మూసుకుపోతాయి. బయటినుంచి చూస్తే గానుగెద్దుకి గంతలు కట్టినట్టుంటుంది. లోపల మాత్రం పెద్ద అద్దాల గది. ఆ గదిలో మన లావే ఉన్న బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. చెయ్యి ఊపితే దాని ఒంటి మీద జాకెట్టు మారుతుంది. మనం చుట్టూ తిరిగితే దాని వీపు కూడా కనిపిస్తుంది. గుడ్డ కోయకముందే కుట్టినట్టు చూపించే ఈ పద్ధతిని వర్చువల్ ట్రయల్ అన్నాడు.

"ఎంతవుద్ది బాబూ?" అన్నాను.

"ఫ్రీ అమ్మా."

"ఫ్రీ ఎందుకు?"

"మీ కస్టమర్లు చూస్తారు. ఎలాంటి డిజైన్లు నచ్చుతున్నాయో మాకు తెలుస్తుంది. అంతే."

పెట్టె పెట్టుకునే ముందు ఒక పేజీ వస్తుంది. ఫోన్ నంబరు, జాకెట్టు సైజు కొట్టాలి. తర్వాత బోలెడన్ని చిన్న అక్షరాలు, వాటి కింద 'అంగీకరిస్తున్నాను' అనే ఆకుపచ్చ మీట. నేను కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

"అది ఎవరూ చదవరమ్మా," అన్నాడు.

"నాను సదువుతాను బాబూ. కూకో."

కూర్చున్నాడు. కాసేపటికి టీ తెప్పించాను, తాగాడు. 'మీ అనుభవాన్ని మెరుగుపరచుటకై దృష్టి సంబంధిత సమాచారమును మా భాగస్వాములతో పంచుకొనవచ్చును' అనే చోటికి వచ్చాను. అక్షరాలన్నీ తెలిసినవే. భాగస్వాములంటే ఈయనా ఈయన అన్నదమ్ములూ కాబోలు, ఇంటిల్లిపాదీ కలిసి కంపెనీ పెట్టుకున్నారు అనుకున్నాను. ఇంకా చాలా ఉంది గానీ, ఆయన విశాఖ బస్సు చూసుకోవాలని లేచాడు.

ఇక్కడ మా ఆడవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరు ఫోన్ నంబరు అడిగినా మొగుడిదో కొడుకుదో చెప్తారు. గ్యాసుకి అదే, బ్యాంకుకి అదే, పిల్లల బడికి అదే. సొంత ఫోను చేతిలో పట్టుకుని కూడా ఆయన నంబరే గడగడా అప్పజెప్తారు. వాళ్ళ నంబరు వాళ్ళకి గుర్తుండదు. ఆ నంబరుకి ఓటీపీ వస్తుంది కదా, ఇంటికి ఫోను చేసి అడుగుతారు. మొగాళ్ళు కూడా ఎందుకూ అని అడగరు. రోజూ ఎవరో ఒకరికి ఓటీపీ చెప్తూనే ఉంటారు, ఇదీ గ్యాసుకే అనుకుంటారు.

మొదటి వారం నా షాపు తిరనాళ్ళలా ఉంది. ఒకామె పెట్టె పెట్టుకుని ఎదుటి బొమ్మకి దండం పెట్టింది. ఇంకొకామె బొమ్మ పైట జారిందని సర్దబోయి నా సూదుల డబ్బా పడేసింది. మాడుగుల నుంచి హల్వా పొట్లం పట్టుకుని చుట్టపుచూపుగా వచ్చినావిడ కూడా, కుట్టించేది ఏమీ లేకపోయినా వరసలో నిలబడి చూసి వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఆషాఢంలో అన్ని జాకెట్లు నేను ఎప్పుడూ కుట్టలేదు.

అప్పుడు పైడమ్మప్ప వచ్చింది.

అప్ప అంటే మావైపు అక్క. ఆమె నాకు చుట్టమేమీ కాదు, కానీ అందరం అలాగే పిలుస్తాం. గోవాడ రోడ్డులో ఇల్లు, చెరకు పొలం ఉంది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్క కొడుకు నాగేసు. ఊళ్ళో మోటార్లకి వైండింగు చేసే షాపు వాడిది, అంటే కాలిపోయిన మోటారుకి రాగి తీగ మళ్ళీ చుట్టడం. కోడలు సుజాతది దేవరాపల్లి. పెళ్ళై ఆరేళ్ళు.

జాకెట్ల విషయంలో పైడమ్మప్పకి గట్టి పట్టింపులు. మెడ పైకి ఉండాలి, వీపు నిండా గుడ్డ ఉండాలి, చేతులు మోచేతి దాకా రావాలి. ఆమె ఆది జాకెట్టు ముప్పై ఏళ్ళనాటిది, రంగేమిటో ఇప్పుడు చెప్పలేం. నా షాపులో అది ఆది కాదు, రాజ్యాంగం. కోడలి జాకెట్టు కోస్తుంటే కూడా వచ్చి స్టూలు మీద కూర్చునేది. నేను సుద్దతో మెడ గీత గీయగానే వేలు పెట్టి, "ఇంకో అంగుళం మీదికి లాగు" అనేది. సుజాత నా వైపు చూసేది. నేను కత్తెర వైపు చూసేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. పైడమ్మప్ప చీరకి ఫాల్ వేయించడానికి వచ్చింది. పెట్టెని చూసి, "ఊరంతా దీని గురించేటి? ఈ కోతి బుర్ర నాకొద్దే," అంది. కాస్సేపు వీధిలోకి చూసింది. "ఎవులూ లేరు కదా. సరే, ఎట్టు," అంది.

నంబరు అడిగితే నాగేసుది చెప్పింది. నా ఫోనుతోనే వాడికి ఫోను చేసి, "ఒరే, ఏదో నంబరొచ్చింది సూడు, సదువు," అంది. వాడు చదివేశాడు. ఆది జాకెట్టు తప్ప తన అంకె తెలియని మనిషి, సైజు నేనే కొట్టాను, నలభై రెండు. పెట్టె బిగించాను.

మొదట మామూలు జాకెట్లు వచ్చాయి కాబోలు, "ఇవి మనవే" అని చెయ్యి ఊపింది. మళ్ళీ ఊపింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఛీ ఛీ," అంది.

"ఏటప్పా?"

"ఎనకాతల గుడ్డే లేదే దీనికి! రెండు తాళ్ళున్నాయంతే. తాళ్ళకి గజ్జెలు."

అది మేము డోరీ మోడల్ అంటాం. వీపు మీద గుడ్డ లేకుండా తాళ్ళతో ముడి వేసి, చివర్లకి గజ్జెలో కుచ్చులో వేలాడదీస్తాం.

"తీసెయ్యనా అప్పా?"

"ఉండు. ఎంత పాడుగా ఉందో సూడనీ."

చూసింది. ఫాల్ సగం వేశాను, ఇంకా చూస్తూనే ఉంది. బొమ్మ చుట్టూ నెమ్మదిగా తిరిగింది, నా బల్లకి గుద్దుకుంది, అటునుంచి తిరిగింది. మధ్యమధ్యలో "ఛీ ఛీ" అంటోంది, తల మాత్రం పక్కకి తిప్పడం లేదు. ఫాల్ అయిపోయింది. "అప్పా, టీ తాగుతావా?" అన్నాను. "మాటాడకే," అంది.

చివరికి పెట్టె తీసి జుట్టు సర్దుకుని, ఎవరో కొట్టినట్టు ముఖం పెట్టింది. "లోకం పాడైపోయింది," అంది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి, "నాను సూసేనని ఎవులికీ సెప్పకు," అంది.

"నానెందుకు సెప్తానప్పా?"

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నాలుగైదు రోజులు పోయాక ఒక పొద్దున్న సుజాత వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ఫోను. పిన్నీ అని పిలిచే పిల్ల ఆ రోజు పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంది.

"ఈ ఫోను సూడు పిన్నీ."

"ఎవులిది?"

"ఆయనదే. లాక్కొచ్చేను."

చూశాను. వంట వీడియో పెడితే ముందు ఒక అమ్మాయి వీపు వచ్చింది. వార్తలు తెరిస్తే వార్తకీ వార్తకీ మధ్య వీపు. వాన పడుతుందో లేదో చూద్దామంటే మబ్బు బొమ్మ కింద వీపు.

"ఎటు నొక్కినా ఈపులే పిన్నీ. ఈపులూ, తాళ్ళూ! ఇదేటని అడిగితే నాకేటి తెల్సు అంటన్నాడు. నాలుగు రోజుల్నుంచి అదే మాట."

"కంపెనీవోళ్ళు పంపిస్తారే, అందరికీ వస్తాయి."

"నా ఫోనుకి రాలేదే? ఇది సదువు."

చదివాను. 'మీ మనసు దోచిన డిజైన్ మళ్ళీ మీ ముందుకు! మీరు ఎంచుకున్న సైజు 42లో సిద్ధం.'

ఆ నలభై రెండు కొట్టిన వేలు నాదే.

"మనసు దోసిందట. సైజు కూడా ఎంచుకున్నాడట. నాది ముప్పై రెండు పిన్నీ, నువ్వే కొలిసేవు. ఈ నలభై రెండు ఎవులిది? ఎవులికి కుట్టిస్తన్నాడు?"

"అలగనుకోకే..."

"నువ్వు ఊరందరికీ కుడతావు కదా. నలభై రెండు ఎవులెవులో సెప్పు. అందులో నానే ఏరుకుంటాను."

"సెప్పను."

"పేరులో మొదటక్షరం సెప్పు."

"అరక్షరం కూడా సెప్పను సుజాతా. నీ కొలత ఎవులైనా వచ్చి అడిగితే సెప్తానేటి?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "అంటే ఉందన్నమాట. నీకూ తెల్సన్నమాట. సాయంత్రం బస్సుకి దేవరాపల్లి పోతన్నాను. అమ్మకి ఫోను సేసి సెప్పేసేను. ఇంక రాను," అని వెళ్ళిపోయింది. ఆషాఢంలో కొత్త కోడళ్ళు పుట్టింటికి వెళ్తారు. ఆరేళ్ళ కోడలు బ్యాగుతో దిగితే అక్కడ ఎవరూ మామూలుగా తీసుకోరు. పెద్దమనుషులు వస్తారు, మాటలు లేస్తాయి, చిన్నది పెద్దదవుతుంది. నేను నోరు మూసుకున్నందుకు పని ఇంకా చెడింది.

ఆ పిల్ల వెళ్ళగానే నాగేసు వచ్చాడు. చేతులకి వార్నిష్, చెవి మీద రాగి తీగ ముక్క.

"పిన్నీ, వినాయకుడి గుళ్ళో ఒట్టేస్తాను, నాకేటీ తెలీదు. మోటారు బాగుసేయించుకోడానికొచ్చినోళ్ళు డబ్బులు పడ్డాయో లేదో నాను సూస్తంటే నా ఫోనులోకి సూసి నవ్వుతన్నారు. నిన్న ఒక ముసలాయన 'ఏ ఊరు బావూ ఆ అమ్మాయి' అని అడిగేడు. ఇంట్లో అమ్మయితే మరీని. 'ఏ ఇంటి గుంటని సూసుకున్నావురా, మీ నాన్న పరువు తీసేవు' అని పొద్దున్నలేస్తే అదే తిట్టు."

"మీ అమ్మ తిడతందా?"

"అందరికంటే గట్టిగా ఆవిడే."

నేను దగ్గు వచ్చినట్టు తిరిగి, నవ్వు ఆపుకున్నాను. వాడు వెళ్ళాక శశిధర్‌కి ఫోను చేశాను. జరిగింది చెప్పాను, పేర్లు చెప్పకుండా. ఆయన బాధపడతాడనుకున్నాను. సంతోషపడ్డాడు.

"సూపర్ అమ్మా! అంటే పని చేస్తోందన్నమాట. దీన్ని ఐ ట్రాకింగ్ అంటారు. పెట్టె లోపల చిన్న కెమెరాలుంటాయి, అవి చూసేవాళ్ళ కళ్ళనే చూస్తుంటాయి. చూపు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, కంటిపాప పెద్దదయిందా లేదా, అన్నీ తెలుస్తాయి. అడిగితే మనుషులు నచ్చలేదంటారు. కళ్ళు అబద్ధం చెప్పవు కదమ్మా. దాన్నిబట్టి యాడ్స్ వెళ్తాయి. టార్గెటెడ్ అడ్వర్టైజింగ్, అంటే ఎవరికి నచ్చింది వాళ్ళకే."

"నచ్చినోళ్ళకి పోలేదు బాబూ. ఆ ఇంటి మొగోడికి పోయింది."

"నంబరు వాళ్ళే ఇచ్చారు కదా. మాకు నంబరే తెలుసు."

"నంబరుకి కళ్ళుంటాయేటి?"

"వాళ్ళు అంగీకరిస్తున్నాను అని నొక్కారమ్మా. మీరు చదివారు కూడా."

అది నిజమే. టీ ఇప్పించి మరీ చదివాను. "సరే, ఇప్పుడు ఆపించు," అన్నాను. "మా కంపెనీ ఒకటే పంపితే ఆపుతాను, భాగస్వాములు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా అర్జీ పెట్టాలి," అన్నాడు. అప్పుడు తెలిసింది, భాగస్వాములంటే ఆయన అన్నదమ్ములు కాదని.

"నా తెర ఎనకాతల తెల్సిన సంగతి నాను బయట సెప్పొచ్చా బాబూ?"

"అలా ఎలా చెప్తారమ్మా? తప్పు కదా."

"మరి మీ పెట్టె సెప్పింది కదా."

"అది మెషిను కదమ్మా. మెషిన్‌కి తెలిస్తే మనుషులకి తెలిసినట్టు కాదు," అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఒక కాపురం వీధిన పడుతోందని నేను, అది సిస్టంలో కనపడదని ఆయన. ఇద్దరం అలసిపోయి ఫోను పెట్టేశాం.

మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నాను గానీ కుట్టు వంకరపోతోంది. ఒక్క మాట చెప్తే సుజాత బస్సు ఎక్కదు. ఆ మాట చెప్తే పైడమ్మప్ప ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. ఆరేళ్ళుగా కోడలి మెడ మీద అంగుళాలు కొలిచిన మనిషి ఆమె. పైగా నేను మాటిచ్చాను. చివరికి అనుకున్నాను: ఈ గుట్టు నాది కాదు, ఆమెది. నాది కానిదాన్ని నేను ఖర్చుపెట్టకూడదు. తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టొచ్చు. తర్వాత ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. టేపు మెడలో వేసుకుని, షాపుకి తాళం పెట్టి ఆటో ఎక్కాను.

వెళ్ళేసరికి వాకిట్లో సుజాత బ్యాగు, దాని పక్కనే సుజాత. నాగేసు అరుగు మీద తల పట్టుకుని ఉన్నాడు. గోడ మీంచి ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ళు తొంగిచూస్తున్నారు. మధ్యలో పైడమ్మప్ప కొడుకుని కడిగేస్తోంది. "ఆ నలభై రెండు ఎవుత్తో తేల్సేదాకా నాను ముద్ద ముట్టను!" అంటోంది.

"అప్పా, నీ జాకెట్టు కొలత సరిగ్గా రాలేదు. ఒక్కపాలి లోపలికి రా," అన్నాను.

"ఇప్పుడేటే కొలతలు! ఇల్లు కాలిపోతంటే!"

"ఇప్పుడే కావాల."

లోపల తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పాను. ఆమెకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మంచం మీద కూలబడింది.

"నాను ఎక్కడ సూసేనో దానికెలాగ తెల్సింది?"

"లోపల సిన్న కెమెరా ఉందట. నీ కళ్ళనే సూస్తాదట."

"నాను దాన్ని సూస్తంటే అది నన్ను సూస్తందేటి!" గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మా. నువ్వు సెప్పేసేవా దానికి?"

"సెప్పలేదు. సెప్పను. కోడలు బస్సెక్కుతంది, అది నీకు సెప్దామని వచ్చేను. తరవాత నీ ఇష్టం."

కాసేపు ఆలోచించింది. ముఖంలో వెలుగొచ్చింది. "పక్కింటి రవణమ్మ అని సెప్పేద్దుం. దానిదీ నలభై రెండే ఉంటాది."

"దాని కొలత నీకెవులు సెప్పేరు?"

"సూస్తే తెలీదేటి? నలభై రెండు కాదేటి?"

"అదీ సెప్పనప్పా."

"నిన్నేటి సేసుకోవాలే!" అంది. బయట సుజాత ఆటోకి ఫోను చేస్తున్న మాటలు వినిపించాయి. పైడమ్మప్ప అటు విన్నది. పైట సర్దుకుంది, లేచింది. గుమ్మంలో ఒక్క నిమిషం ఆగింది. నేను ఆమె వెనకే ఉన్నాను, ఆమె ముఖం నాకు కనిపించలేదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే లేచింది.

"ఒలే సుజాతా! బేగు దించు. ఆ నలభై రెండు నానే."

గోడ మీది తలలు ఇంకాస్త పైకి లేచాయి.

"ఏటత్తా?"

"సెవుడేటి నీకు? నానే సూసేను. వరాలు షాపులో కళ్ళకి పెట్టె కట్టుకుని సూసేను. నంబరు ఈడిది ఇచ్చేను. ఈడికేటీ తెలీదు, ఈడికంత తెలివి కూడానా?"

"మరి తాళ్ళ జాకెట్లు...?"

"ఎంత పాడుగా ఉన్నాయో సూద్దామని సూసేను." కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు కొంచెం తగ్గింది. "మొదట పాడుగానే ఉన్నాది. తరవాత్తరవాత బాగుంది."

అందరికంటే మొదట, గోడ అవతలనుంచి పక్కింటి రమణమ్మ నవ్వింది. పైడమ్మప్ప అటు తిరిగి, "నవ్వకే, నీ పేరే సెప్పేద్దుననుకున్నాను!" అంది. నాగేసు మాత్రం ఏడుపు ముఖంతో, "అమ్మా, నాలుగు రోజుల్నుంచి ఈ అరుగు మీద దోమల్లో పడుకుంటన్నాను. పైగా నువ్వే నన్ను తిట్టేవు," అన్నాడు.

"తిట్టేను. ఇప్పుడేటి, కాళ్ళట్టుకోమంటావేటి?"

సుజాత నవ్వలేదు. అత్త ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఆరేళ్ళ నుంచి నా మెడ దగ్గర ఏలు పెట్టి మీదికి లాగించేవు కదత్తా," అంది మెల్లిగా.

పైడమ్మప్ప నేలని చూసింది. నన్ను చూసింది. "వరాలూ, దాని జాకెట్టు మెడ రెండంగుళాలు కిందికి దించు," అంది.

"మూడు," అంది సుజాత.

"రెండున్నర. ఇంక మాటాడకు."

అప్పుడు నవ్వింది ఆ పిల్ల. బ్యాగు నాగేసు లోపల పెట్టాడు. పిలిచిన ఆటో వచ్చింది కదా, అందులో నేను ఇంటికి వచ్చాను.

పెట్టెని మర్నాడే తిప్పి పంపేశాను. అందరూ మెచ్చుకోలేదు. "సరదాగా ఉండేది, ఎందుకు పంపేసేవు" అని తిట్టినవాళ్ళే ఎక్కువ. ఒకామె అయితే, తను చూసిన మోడల్ ఆయన ఫోనులోకి రోజూ వచ్చీ వచ్చీ ఆయనే విసిగి కుట్టించుకోమన్నాడని, అంతకంటే మంచి పెట్టె ఉండదని చెప్పింది. ఆమె మాటా కాదనలేను. శ్రావణానికి పని కొంచెం తగ్గింది కూడా.

ఇదంతా రాస్తానని అడిగితే పైడమ్మప్ప, "వాకిట్లో అంతమంది ఇన్నదే కదా, రాసుకో. పేరు మాత్రం మార్సు," అంది. మార్చాను. మార్చినా చోడవరంలో సగం మందికి తెలిసిపోతుందప్పా అన్నాను. "మిగతా సగానికి తెలీదు కదా," అంది.

శ్రావణంలో శశిధర్ మళ్ళీ ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ నలభై రెండు సైజు ఆవిడ చివరికి ఆ జాకెట్టు కుట్టించుకున్నారా అని అడిగాడు. చూసినవాళ్ళు కొన్నారా లేదా అన్నదాన్ని వాళ్ళు కన్వర్షన్ అంటారట, లెక్కకి అది కావాలట.

"మీ పెట్టెనే అడగండి బాబూ," అన్నాను.

"పెట్టె మీ దగ్గర లేదు కదమ్మా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

"అందుకే నాను సెప్పను."

చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ కొనడానికి రాదు. కొన్నా అందరికీ చెప్పుకోవాలని ఉండదు. నచ్చిందని ఒప్పుకోడానికి పైడమ్మప్పకి వాకిలంత దూరం నడవాల్సి వచ్చింది. ఆ నడక ఆమే నడిచింది కాబట్టి బాగుంది. ఆమె కంటే ముందు పెట్టె పరిగెత్తి చెప్పేయడమే నాకు నచ్చలేదు. ఇప్పుడు నా షాపులో ఎవరైనా నంబరు చెప్తే, ఇది నీదా, మీ ఆయనదా అని అడిగి, నీదే చెప్పు అంటున్నాను. సగం మంది ఇంటికెళ్ళి కనుక్కొస్తామంటారు.

ఆ శ్రావణంలో ఒక శుక్రవారం పైడమ్మప్ప కొత్త చీర కట్టుకుని, పైట రెండు భుజాల మీదా నిండుగా కప్పుకుని, కోడలితో కలిసి నా షాపు ముందు నుంచి గుడికి వెళ్ళింది. పైట కింద ఏ జాకెట్టు ఉందో నాకు తెలుసు. తెలుసుకోవడం నా పని. అక్కడితో ఆపడం కూడా.